బాత్‌రూమ్‌లో సిమెంటు స్నానాల తొట్టి కట్టాలి, మేస్త్రి ఇటుకతో చాలంటున్నాడు, మీరేమంటారు?

మోటారుతొట్టి

అందరికీ నమస్తే. తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఇల్లు కడుతున్నాం. గోడలు లేచాయి, శ్లాబు పడింది, కింది బాత్‌రూమ్‌లో ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, పైపులు కూడా వెయ్యలేదు. ఆ గదిలో మా అమ్మ కోసం నీళ్లలో కూర్చోడానికి వీలుగా ఒక తొట్టి కట్టించాలని ఉంది. అమ్మకి 64 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గోరువెచ్చటి నీళ్లలో కూర్చుని కాళ్లు మెల్లగా చాపుతూ ముడుస్తూ ఉండమని ఫిజియోథెరపీ మేడం చెప్పారు. ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బులో పాదాలు పెట్టుకుని కూర్చుంటోంది, నీళ్లు మోకాలి దాకా రావట్లేదు.

షాపులో దొరికే అక్రిలిక్ టబ్బులు రెండు మూడు చూశాను. మా గది 8 అడుగులు బై అయిదున్నర, ఆ కొలతకి సరిపోయేది దొరకలేదు. పైగా అందులో కూర్చుంటే జారి వెనక్కి పడుకోవడమే గాని నిటారుగా కూర్చోవడం కుదరదు. అమ్మ షాపులోనే ఒకదాంట్లో కూర్చుని చూసి, లేవలేక నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే అనుకున్నా, మనమే కట్టుకుందామని. చిన్నప్పుడు మా పొలంలో బోరు మోటారు దగ్గర సిమెంటు తొట్టి ఉండేది, ఎండాకాలం మధ్యాహ్నాలు అందులోనే గడిచిపోయేవి. ముప్ఫై ఏళ్లయినా ఆ తొట్టి చెక్కుచెదరలేదు, కాబట్టి సిమెంటు మీద నాకు నమ్మకం ఉంది.

లోపలి కొలత నాలుగున్నర అడుగుల పొడవు, రెండుంపావు వెడల్పు, అడుగున్నర లోతు అనుకుంటున్నా. మేస్త్రేమో "నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపి, లోపల రెండు పూతలు ప్లాస్టరింగ్ చేసి, పైన టైల్స్ వేస్తే అయిపోద్ది" అంటున్నాడు. మా బావేమో మొత్తం కాంక్రీటే పొయ్యమంటున్నాడు. ఎవరైనా నిజంగా కట్టి వాడినవాళ్లు ఉంటే చెప్పండి, వచ్చే వారం పని మొదలుపెట్టాలి.

నెల్లూరు_సుబ్బు

నేను కట్టి దెబ్బతిన్నవాణ్ని, కాబట్టి రాస్తున్నా. ఇటుకతో మాత్రం వద్దు బ్రదర్. మాది కూడా అచ్చం మీ మేస్త్రి చెప్పినట్టే ఇటుక, ప్లాస్టరింగ్, టైల్స్. ఆరు నెలలు బాగానే ఉంది. తరవాత పక్క బెడ్‌రూమ్ గోడకి కింద జానెడు ఎత్తున చెమ్మ మొదలైంది, పెయింటు బుడగలు బుడగలుగా లేచి లోపల తెల్లగా ఉప్పు పొంగింది. పగలగొట్టి చూస్తే రెండు చోట్ల కారుతోంది. ఒకటి అడుగూ గోడా కలిసే మూల, ఎందుకంటే అడుగు ఒకరోజు వేశారు, గోడ రెండోరోజు కట్టారు, ఆ అతుకు ఎప్పటికీ అతుకే. రెండోది నీళ్లు పోయే వేస్ట్ పైపు చుట్టూ. తొట్టి అంతా కట్టాక ప్లంబరు వచ్చి, ఉలితో బొక్క కొట్టి పైపు దూర్చి, చుట్టూ తెల్ల సిమెంటు కుక్కి వెళ్లాడు. మీరు ఏ పద్ధతిలో కట్టినా సరే, పైపు ముందు నిలబెట్టి, దాని చుట్టూ మాలు పొయ్యండి. ఈ ఒక్క మాట మర్చిపోవద్దు.

గోదారిగట్టు

నేను సివిల్ ఇంజనీర్ని, ఏలూరులో చేస్తున్నా. ముందు ఒక విషయం: ఇది కింది అంతస్తు కాబట్టే నేను సరే అంటున్నా. ఎవరైనా ఈ థ్రెడ్ చదివి మేడ మీద బాత్‌రూమ్‌లో కాంక్రీటు తొట్టి కట్టేస్తారేమో అని భయం, అందుకే లెక్క రాస్తున్నా. మీ కొలతకి నాలుగు అంగుళాల మందం కాంక్రీటు పోస్తే తొట్టి ఒక్కటే సుమారు 850 కిలోలు. అందులో 225 లీటర్ల నీళ్లు, మనిషి, అన్నీ కలిపితే 1100 దాటుతుంది. ఆ బరువంతా పదిహేను చదరపు అడుగుల మీద పడుతుంది, అంటే చదరపు మీటరుకి 800 కిలోల పైమాటే. మామూలుగా ఇంటి శ్లాబు డిజైన్ చేసేటప్పుడు మనుషులకీ సామానుకీ కలిపి చదరపు మీటరుకి 200 కిలోలే లెక్క వేసుకుంటారు. నాలుగు రెట్లు ఎక్కువ. మేడ మీద అయితే మీ శ్లాబు వేసిన ఇంజనీరు చూసి సంతకం పెడితే తప్ప ముట్టుకోకూడదు.

ఇప్పుడు మీ బావగారి మాటకి వస్తా. మందంగా పోస్తే గట్టిగా ఉంటుందనేది నిజమే, కానీ అడుగున్నర లోతు నీళ్లు ఆపడానికి అంత మందం అవసరం లేదు, పైగా మందం వల్ల మీకో నష్టం ఉంది. కాంక్రీటు వేడి తాగేస్తుంది. 28 డిగ్రీల దగ్గర ఉన్న 850 కిలోల తొట్టిలో 40 డిగ్రీల నీళ్లు 225 లీటర్లు పోశారనుకోండి, రెండూ ఒకే వేడికి వచ్చేసరికి నీళ్లు 35 దగ్గరికి దిగిపోతాయి. అరగంటలో అంతా కాకపోయినా మూడు నాలుగు డిగ్రీలు పోతుంది. మోకాళ్ల కోసం కూర్చునే మనిషికి 40కీ 36కీ తేడా బాగా తెలుస్తుంది, పది నిమిషాలకే నీళ్లు చల్లారిపోయాయంటారు అమ్మగారు.

అందుకని నా సలహా ఫెర్రోసిమెంట్. పేరు కొత్తగా ఉందని కంగారు పడకండి, ఇనుప జాలీ మీద సిమెంటు మాలు పల్చగా ఎక్కించడమే. కంకర ఉండదు. అంగుళంపావు మందం చాలు. అదే కొలతకి తొట్టి 215 కిలోల చుట్టూ తేలుతుంది, నీళ్ల వేడి రెండు డిగ్రీలకి మించి లాగదు. అసలు ఇనుమూ సిమెంటూ కలిపి మనుషులు మొదట చేసినవి భవనాలు కావు. 1848లో ఫ్రాన్స్‌లో లాంబో అనే ఆయన ఇలా జాలీ మీద మాలు ఎక్కించి పడవ చేశాడు. 1867లో పారిస్‌లో మోనియే అనే తోటమాలి మొక్కల తొట్లకి పేటెంటు తీసుకున్నాడు. అంటే ఈ పద్ధతి పుట్టిందే పడవలూ తొట్ల కోసం. మన దగ్గర ఫెర్రోసిమెంట్ నీళ్ల ట్యాంకులకి ఐఎస్ 13356 అని ప్రమాణం కూడా ఉంది, 250 లీటర్ల నుంచి 10,000 లీటర్ల దాకా.

మోటారుతొట్టి

సుబ్బు గారూ, ఇంజనీరు గారూ, చాలా థాంక్స్. వేడి సంగతి నాకు అసలు తట్టలేదు. కానీ అంగుళంపావు అంటే భయంగా ఉంది, ఎవరైనా అంచు మీద కూర్చుంటే విరగదా? ఇంకోటి, మా మేస్త్రి ఇలాంటి పని ఎప్పుడూ చేయలేదు, ఎలా చెయ్యాలో ఎవరైనా విడమర్చి చెబితే ఆయనకి చదివి వినిపిస్తా. మంచివాడే, చెబితే వింటాడు.

తాపీపని

నేను తాపీ మేస్త్రినే తమ్ముడూ, మా నాన్న కూడా. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నా. పశువుల కుడితి తొట్లు, గాబులు ఇలా జాలీతో ఓ పాతిక దాకా చేశాను, స్నానాల తొట్లు రెండు చేశాను. చెబుతా, మీ మేస్త్రికి వినిపించు.

ముందు నేల. మట్టి బాగా దిమ్మిస చేసి నాలుగు అంగుళాల బెడ్ కాంక్రీటు వెయ్యి. అది ఆరాక దాని మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద అంగుళం మందం గట్టి థర్మాకోల్ పరుచు. ఇంజనీరు గారు చెప్పిన వేడి కిందికి పోకుండా అదే ఆపుతుంది. తరవాత పైపు. ఒకటిన్నర అంగుళాల పైపు, వేస్ట్ కప్లింగు (తొట్టి రంధ్రంలో బిగించే జాలీ మూత ముక్క), రెండూ బిగించి నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే గుంట) దాకా వాలు చూసుకుని ఒక బకెట్ నీళ్లు పోసి పోతున్నాయో లేదో చూడు. తొట్టి అడుగు కూడా ఆ రంధ్రం వైపుకి అంగుళం వాలాలి.

ఊచలు ఆరు ఎం.ఎం.వి ఆరంగుళాలకొకటి అటూ ఇటూ వేసి పంజరంలా కట్టు. దానికి లోపలివైపు రెండు పొరలు, బయటివైపు రెండు పొరలు చికెన్ మెష్, అంటే సన్న ఇనుప జాలీ. బైండింగ్ వైరుతో బెత్తెడుకొక ముడి వెయ్యాలి, జాలీ ఎక్కడా ఉబ్బకూడదు. ఇక్కడ బద్ధకిస్తే అంతే, ఉబ్బిన చోట మాలు మందం పెరుగుద్ది, పక్కన జాలీ బయటపడుద్ది, బయటపడ్డ జాలీ తుప్పు పడుద్ది. పంజరం కట్టడానికే ఒక రోజు పెట్టుకో. అంచు సంగతి అడిగావు, పైన అంచు మాత్రం నాలుగు అంగుళాల వెడల్పున మందంగా తిప్పి లోపల ఎనిమిది ఎం.ఎం. ఊచలు రెండు చుట్టూ తిప్పు, ఎంత లావు మనిషి కూర్చున్నా ఏం కాదు. బయటికి కనపడే గోడకి ఇటుక లేపి, మధ్య సందులో థర్మాకోల్ పెట్టెయ్యి.

మాలు ఒకటికి రెండు, అంటే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక. ఇసుక సన్న జల్లెడ పట్టాలి, మట్టి ఉంటే కడగాలి. మీ తొట్టికి బస్తాన్నర సిమెంటు సరిపోద్ది. నీళ్లు బస్తాకి ఇరవై లీటర్లు, మించకూడదు. మాలు గట్టిగా ఉందని కూలీలు నీళ్లు చల్లుతుంటారు, ఒప్పుకోకు. చేత్తో ముద్ద చేస్తే నిలబడాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. వాటర్‌ప్రూఫ్ ద్రావణం డబ్బా మీద రాసిన లెక్కన అందులోనే కలుపు. ఎక్కించేటప్పుడు ఒకడు బయట పలకతో ఆనించి పట్టుకోవాలి, ఇంకొకడు లోపలినుంచి తాపీతో నొక్కుతూ పొయ్యాలి, జాలీ కన్నుల్లోంచి అవతలికి మాలు పొంగుకు రావాలి, అలా వస్తేనే మధ్యలో బోలు లేనట్టు. అడుగు, గోడలు, అంచు, అంతా ఒకే రోజు అయిపోవాలి. పొద్దున్నే మొదలుపెట్టు, ముగ్గురు మనుషులు కావాలి. మూలలు నిలువుగా వదలొద్దు, గ్లాసు అడుగుతో రుద్ది గుండ్రంగా తిప్పు.

సాయంత్రం అయిదారు గంటలకి గోనెపట్టాలు తడిపి కప్పెయ్యి. మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు ఆ పట్టా ఆరకూడదు. మన ఎండలకి రోజుకి నాలుగుసార్లు తడపాలి. పల్చని పని కదా, మందపు శ్లాబు కంటే దీనికే తడి ఎక్కువ కావాలి, ఒక్క మధ్యాహ్నం ఎండితే వెంట్రుకవాసి బీటలు వస్తాయి. తొట్టి చెడిపోతే జనం సిమెంటు మంచిది కాదంటారు, నేను చూసినవాటిలో చెడిపోయినవన్నీ నీళ్లు సరిగ్గా కొట్టకే చెడిపోయాయి.

పాలకొల్లు_పద్మ

మోటారుతొట్టి గారూ, నేను మేస్త్రినీ కాదు ఇంజనీర్నీ కాదు, మా అత్తగారికి పక్షవాతం వచ్చి తగ్గాక ఆరేళ్లుగా నేనే స్నానం చేయిస్తున్నా. ఇప్పటిదాకా అందరూ నీళ్లు బయటికి రాకుండా ఎలా ఆపాలో మాట్లాడారు, అమ్మ లోపలికి ఎలా వెళ్తారో, బయటికి ఎలా వస్తారో ఎవరూ అడగలేదు.

కాలెత్తి అడుగున్నర గోడ దాటడం మోకాళ్లు అరిగినవాళ్ల వల్ల కాదు. అందుకని అంచుని కుర్చీ ఎత్తుకి తీసుకురండి, నేల నుంచి 17, 18 అంగుళాలు. తొట్టి ఒక చివర అంచుని అడుగు వెడల్పు అరుగులా చేయించండి. అమ్మ ముందు ఆ అరుగు మీద కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు, తరవాత ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటారు. లోపల కూడా తొట్టి అడుగు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున చిన్న దిమ్మ కట్టించండి, దాని మీద కూర్చుంటే మళ్లీ లేవడం తేలిక. పూర్తిగా అడుగున కూర్చుంటే ఇద్దరు పట్టినా లేవలేరు, మాకు అనుభవమే. దిమ్మ ఉంటే ఇంకో లాభం, ఆ మేరకి నీళ్లు తక్కువ పడతాయి.

పట్టుకునే స్టీలు రాడ్లు రెండు, ఒకటి గోడకి అడ్డంగా, ఒకటి అరుగు పక్కన నిలువుగా. టైల్స్ వెయ్యకముందే అమ్మని అక్కడ స్టూలు మీద కూర్చోబెట్టి, "లేవాలంటే చెయ్యి ఎక్కడికి పోతోంది?" అని అడిగి, ఆ చెయ్యి తగిలిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మా ఇంట్లో మా కొలతకి పెట్టించాం, అత్తగారికి అందలేదు, మళ్లీ టైల్ పగలగొట్టాం.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే స్నానం అవ్వగానే నీళ్లు వదిలెయ్యండి, దయచేసి నిల్వ ఉంచొద్దు. జానెడు నీళ్లయినా పసిపిల్లలకి ప్రమాదమే. నీళ్లు రాని రోజు పనికొస్తాయని నింపి పెట్టుకుంటే డెంగీ దోమ కూడా అక్కడే గుడ్లు పెడుతుంది.

మోటారుతొట్టి

పద్మక్కా, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా. "ఈవిడకి తెలుసురా" అంది. అరుగూ, లోపలి దిమ్మా రెండూ పెట్టిస్తున్నా. ఫినిషింగ్ ఏం వెయ్యాలో ఒక్కటే తేలలేదు. టైల్స్ వేస్తే ఆ గుండ్రటి మూలల దగ్గర ముక్కలు ముక్కలుగా కొయ్యాలి. మా అమ్మమ్మ ఇంట్లో ఎర్ర గచ్చు ఉండేది, అద్దంలా మెరిసేది, అది వేస్తే బాగుంటుందా? గీజరు 25 లీటర్లది తీసుకున్నా, సరిపోతుందా?

గోదారిగట్టు

గీజరు సరిపోదండి. 28 డిగ్రీల నీళ్లని 40కి తేవాలంటే, 225 లీటర్లకి 60 డిగ్రీల వేడినీళ్లు 84 లీటర్ల దాకా కలపాలి. 25 లీటర్ల గీజరు మూడుసార్లకి పైగా కాగాలి, 2 కిలోవాట్లదయితే ఒక్కోసారికి అరగంట. మొదటి విడత పోసి రెండోది కాగేలోపు మొదటిది చల్లారుతుంది. కరెంటు అయితే మూడు యూనిట్ల చిల్లరే, అది సమస్య కాదు. ఇల్లు కొత్తగా కడుతున్నారు కాబట్టి మేడ మీద 100 లీటర్ల సోలార్ పెట్టి దాని పైపు నేరుగా తొట్టిలోకి దించండి. స్నానం సాయంత్రం నాలుగైదింటికి పెట్టుకుంటే నీళ్లు మంచి వేడి మీద ఉంటాయి. ముసురు రోజుల్లో గీజరు తోడుగా ఉంటుంది.

తాపీపని

ఎర్ర గచ్చు భేషుగ్గా ఉంటుంది తమ్ముడూ, కాకపోతే అది విడిగా తరవాత వేసేది కాదు. అడుగు మాలు పూర్తిగా ఆరకముందే, వేలు పెడితే దిగకుండా అచ్చు మాత్రం పడే సమయంలో, ఎర్ర ఆక్సైడ్ కలిపిన సిమెంటు పల్చగా పూసి తాపీతో మెరుగు పెట్టాలి. తెలిసిన చెయ్యి కావాలి. గోడలు అద్దంలా చెయ్యి, అడుగు మాత్రం చెయ్యొద్దు, సబ్బు నీళ్లు పడితే అమ్మ కాలు నిలవదు. అడుగున కొబ్బరి ఈనెల చీపురుతో సన్నగా గరుకు గీతలు లాగు. రంగు మొదటి ఏడాది మచ్చలు మచ్చలుగా ఉంటుంది, కంగారు పడకు, అప్పుడప్పుడు కొబ్బరినూనె గుడ్డ పెట్టి తుడుస్తుంటే నునుపు తేలుద్ది.

మీ వైపు బోరు నీళ్లు ఉప్పు కదా, తెల్లచారలు కడతాయి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం పొయ్యొద్దు, యాసిడ్ సిమెంటునే తినేస్తుంది, నిమ్మకాయ రుద్దినా అంతే. స్నానం అవ్వగానే మంచినీళ్లు కొట్టి పొడిగుడ్డతో తుడిస్తే చార కట్టదు. ఇంకోటి, కొత్త సిమెంటుకి ఘాటు ఉంటుంది, ఒంటికి తగిలితే మండుద్ది. తడపడం పూర్తయ్యాక మూడు నాలుగుసార్లు నిండా నీళ్లు పెట్టి రోజంతా ఉంచి వదిలెయ్యి, ఆ తరవాతే అమ్మని కూర్చోబెట్టు.

మోటారుతొట్టి

అప్‌డేట్ ఇస్తానన్నా, ఇదిగో. నెల పైన అయింది. మా మేస్త్రి మొదట ఇదేం పని అన్నాడు, పంజరం కట్టాక మాత్రం తనే దగ్గరుండి ప్రతి ముడీ లాగి చూశాడు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే అంచు తిప్పేసరికి మధ్యాహ్నం రెండయింది, ఆ తరవాత మా పక్కూరి పెద్దాయనొకాయన వచ్చి గచ్చు మెరుగు పెట్టారు, ఆయనకి డెబ్బై ఏళ్లుంటాయి, చీకటి పడ్డాక బల్బు వెలుతురులో పక్కకి వంగి చూస్తూ తాపీ లాగారు. పద్నాలుగు రోజులు గోనెపట్టా తడపడం అమ్మే చూసుకుంది, ఎవరికీ వదల్లేదు. ఘాటు పోవడానికి నాలుగుసార్లు నీళ్లు పెట్టి వదిలేశాం.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, చివరి టెస్టుకి నిండా నీళ్లు పోసి పెన్సిల్ గీత పెట్టాను. మూడు రోజులకి అర అంగుళం కిందికి దిగింది. బయట ఇటుక మీద చెమ్మ లేదు, పైపు దగ్గర పొడిగానే ఉంది. మరి నీళ్లు ఎటు పోయినట్టు?

నెల్లూరు_సుబ్బు

కంగారు పడకండి, ముందు ఇది చెయ్యండి. ఒక ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్లు పోసి అదే గదిలో తొట్టి పక్కన పెట్టండి. తొట్టిలోనూ బకెట్‌లోనూ ఒకేసారి గీతలు గీసి మూడు రోజులు తలుపు అలాగే ఉంచండి. రెండూ ఇంచుమించు ఒకేలా తగ్గితే అది గాలికి ఆవిరైపోవడమే, కొత్త ఇంట్లో కిటికీలకి తలుపులు కూడా లేవు కదా. తొట్టిలో బాగా ఎక్కువ తగ్గితే అప్పుడు పైపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూద్దాం.

మోటారుతొట్టి

సుబ్బు గారూ, బకెట్‌లోనూ అంతే తగ్గింది. స్కేలు పెట్టి కొలిచా, అటూ ఇటూ ఒక మిల్లీమీటరు తేడా. నిన్న సాయంత్రం సోలార్ నీళ్లు కలిపి అమ్మని కూర్చోబెట్టాం. అరుగు మీద కూర్చుని, కాళ్లు తనే ఒక్కోటీ లోపల పెట్టుకుంది. అరగంట ఉంది. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు, నిలువు రాడ్డు పట్టుకుంది.